రెండు చోట్ల పట్టిన చేపల్లో 1,800 జన్యువుల తేడా: ఇందులో అనుకూలన ఎంత?

ప్రశ్న క్లుప్తంగా ఇది. సముద్రంలో బతికే త్రీస్పైన్ స్టికిల్‌బ్యాక్ చేపలు మూడు, అదే జాతికి చెందిన మంచినీటి సరస్సు చేపలు మూడు పట్టారు. అక్కడికక్కడే మొప్పలు కోసి ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్ చేయించారు. 1,800 జన్యువుల వ్యక్తీకరణలో, అంటే ఒక్కో జన్యువు నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ మోతాదులో, తేడా కనిపించింది. "మంచినీటికి అనుకూలించే క్రమంలో ఈ 1,800 జన్యువుల వ్యక్తీకరణ పరిణామం చెందింది" అని థీసిస్‌లో రాయొచ్చా అని అడుగుతున్నారు.

రాయొద్దు. మీ లెక్కలో తప్పుందని కాదు. ఆ మాట అనడానికి ఈ డేటా చాలదు. ఆ 1,800లో నాలుగైదు రకాల తేడాలు కలిసిపోయి ఉన్నాయి. ఒకటి, ఏ చేపనైనా ఉప్పునీటి నుంచి మంచినీటిలో వేస్తే దాని శరీరం చూపే స్పందన. రెండు, తల్లి గుడ్డులో పెట్టి పంపిన హార్మోన్లు, పోషకాల ప్రభావం. మూడు, వయసు, ఆడా మగా, పరాన్నజీవులు, కోసిన వేళ. నాలుగు, మొప్పలో ఏ రకం కణాలు ఎన్ని ఉన్నాయన్నది. ఇవన్నీ తీసేశాక మిగిలేదే వంశపారంపర్యమైన తేడా. అందులోనూ కొంత కేవలం యాదృచ్ఛిక జన్యు విచలనం (ఎంపికతో సంబంధం లేకుండా కాకతాళీయంగా జరిగే మార్పు) వల్ల వచ్చినది. మీరు వెతుకుతున్న అనుకూలన అన్నిటికన్నా అడుగున ఉంది. ఒక్కో పొరనూ తీయడానికి ఒక్కో ప్రయోగం కావాలి. గణాంకాలతో మాత్రమే తీయగలిగేవి వీటిలో చాలా తక్కువ.

స్టికిల్‌బ్యాక్ మన నీళ్లలో ఉండదు కాబట్టి చదివేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది ఉత్తరార్ధగోళపు చల్లని తీరాల్లో ఉండే వేలెడంత చేప. గత హిమయుగం ముగిసి మంచు కరిగాక, అంటే సుమారు 12,000 ఏళ్ల నుంచి, సముద్రపు స్టికిల్‌బ్యాక్‌లు కొత్తగా ఏర్పడిన సరస్సుల్లోకి, వాగుల్లోకి వేర్వేరు చోట్ల విడివిడిగా చేరాయి. అలాస్కా, బ్రిటిష్ కొలంబియా, స్కాట్లాండ్, ఎక్కడ చూసినా దాదాపు అవే మార్పులు వచ్చాయి: ఒంటి పక్కన ఉండే ఎముక పలకలు తగ్గాయి, కొన్నిచోట్ల పొట్ట కింది ముళ్లు పోయాయి, రంగు మారింది, పళ్లు పెరిగాయి. అంటే ఒకే ప్రయోగాన్ని ప్రకృతి పదే పదే చేసి పెట్టింది. ఇది వేల ఏళ్ల పని అనుకోనక్కర్లేదు కూడా. అలాస్కాలోని లోబర్గ్ సరస్సులో 1982లో మందు చల్లి చేపలన్నిటినీ చంపేశారు. ఆ తర్వాత సముద్రపు స్టికిల్‌బ్యాక్‌లు అందులోకి వచ్చి చేరాయి. సముద్రంలో ఈ చేపలకు ఒళ్లంతా పలకలుంటాయి. 2001 నాటికి ఆ సరస్సులో నిండా పలకలున్న చేపలు 11 శాతమే మిగిలాయి, తక్కువ పలకలవి 75 శాతమయ్యాయి. కొత్త ఉత్పరివర్తనం కోసం ఎదురుచూస్తే ఇంత వేగం సాధ్యం కాదు. సముద్రపు జనాభాలో అరుదుగా ముందే ఉన్న అల్లీల్‌ను (ఒకే జన్యువుకు ఉండే రూపాల్లో ఒకదాన్ని) ఎంపిక పైకి తెచ్చింది.

ఇక పని దగ్గరికి వద్దాం. మొదటి పొర, నీటి ప్రభావం. దీన్ని తీయాలంటే రెండు జనాభాలనూ ఒకే పరిస్థితుల్లో పెంచాలి. పట్టి తెచ్చిన పెద్ద చేపల్ని నాలుగు వారాలు ఒకే తొట్టెలో ఉంచితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. సరిపోదు. పెరిగే దశలో పడిన ప్రభావాలు నాలుగు వారాల్లో చెరగవు. చేతితో ఫలదీకరణ చేయించి, ల్యాబ్‌లోనే పొదిగించి, కనీసం ఒక తరం పెంచాలి. తల్లి ప్రభావం కూడా పోవాలంటే రెండో తరం దాకా వెళ్లాలి. స్టికిల్‌బ్యాక్‌కు తరం అంటే దాదాపు ఏడాది, కాబట్టి రెండో తరం అంటే డిగ్రీలో రెండేళ్లు. అంత సమయం లేకపోతే మొదటి తరంతోనే చేసి, తల్లి ప్రభావాన్ని వేరుచేయలేదని రాతపూర్వకంగా ఒప్పుకోవడం నయం.

ఒక్క నీటిలో పెంచితే సగం సమాధానమే వస్తుంది. రెండు జనాభాలను రెండు నీళ్లలోనూ పెంచండి: ఒకటి 30 నుంచి 35 పీపీటీ (వెయ్యి భాగాల నీటిలో ఉప్పు భాగాలు) సముద్రపు నీరు, ఇంకోటి మంచినీరు. ఒక్కో జనాభా నుంచి ఎనిమిది వేర్వేరు కుటుంబాలు, ఒక్కో కుటుంబం పిల్లల్ని సగం సగం చేసి రెండు నీళ్లలో వేస్తే 32 నమూనాలవుతాయి. లవణీయతను ఒక్కసారిగా మార్చకుండా రోజుకు 5 పీపీటీ చొప్పున దింపండి. మార్చిన తర్వాత కనీసం మూడు వారాలు ఆగండి, లేకపోతే మీరు కొలిచేది ఒత్తిడి జన్యువుల్ని. ఒకే గుడ్ల ముద్ద నుంచి వచ్చిన ఎనిమిది పిల్లలు ఎనిమిది నమూనాలు కావు. అవి అన్నదమ్ములు, గణాంకాల దృష్టిలో దాదాపు ఒక్కటే. ఈ రంగంలో ఎక్కువగా జరిగే తప్పు ఇదేనని నా అభిప్రాయం. కాగితం మీద అంకె బాగుంటుంది కాబట్టి సమీక్షకులు కూడా దీన్ని వదిలేస్తుంటారు.

ఇంకో సంగతి. "మంచినీటి చేపలు" అని సాధారణ సూత్రం చెప్పాలనుకుంటే మీ నమూనా సంఖ్య చేపలు కాదు, సరస్సులు. ఒక సరస్సు నుంచి పదహారు చేపలు తీసుకున్నా మంచినీటి గురించి మీ దగ్గరున్నది ఒకే ఒక్క పరిశీలన. అదే ఖర్చుతో నాలుగు సరస్సుల నుంచి నాలుగేసి కుటుంబాలు తీసుకోవడం ఎంతో మేలు.

విశ్లేషణలో మోడల్ సూటిగానే ఉంటుంది: జనాభా, లవణీయత, ఆ రెండింటి పరస్పర ప్రభావం, వీటికి తోడు కుటుంబం, బ్యాచ్ (ఒకేసారి కలిపి నడిపిన నమూనాల గుంపు). జనాభా పదం వంశపారంపర్య తేడాను, లవణీయత పదం ప్లాస్టిసిటీని (జన్యువులు మారకుండానే పరిసరాలను బట్టి శరీరం మారే గుణాన్ని), పరస్పర ప్రభావం ప్లాస్టిసిటీయే మారిందా అన్నదాన్ని చూపిస్తాయి. ఈ మూడోదాన్ని చిన్నచూపు చూడొద్దు. వలస మానేసి వాగుల్లోనే ఉండిపోయిన స్టికిల్‌బ్యాక్‌లలో థైరాయిడ్‌ను నడిపే టీఎస్‌హెచ్ బీటా2 జన్యువు తీరే మారిపోయింది. పగటి పొడవును బట్టి దాని స్థాయి మారడం వలస చేపల్లో ఉంటుంది, వాగు చేపల్లో ఆ స్పందన పోయింది. సగటు స్థాయి ఒక్కటే చూస్తే అసలు కథ దొరకదు. డీఈసెక్2 అనే వ్యక్తీకరణ విశ్లేషణ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు ఒక హెచ్చరిక: మోడల్‌లో పరస్పర ప్రభావం పెట్టాక "జనాభా" గుణకం సగటు తేడాను చెప్పదు, మీరు ప్రమాణంగా పెట్టుకున్న నీటిలోని తేడాను మాత్రమే చెబుతుంది. ప్రమాణం మంచినీరా ఉప్పునీరా అన్నదాన్ని బట్టి జన్యువుల జాబితా మొత్తం మారిపోతుంది. ముందు ఏది పెట్టారో చూసుకోండి.

ప్లాస్టిసిటీ వచ్చింది కాబట్టి ఒక వివాదం చెప్పక తప్పదు, మీ సూపర్‌వైజర్ తప్పకుండా అడుగుతారు. ట్రినిడాడ్‌లో గప్పీ చేపల్ని, వేటాడే చేపలు ఎక్కువగా ఉన్న వాగు నుంచి అవి లేని వాగుల్లోకి వదిలారు. మూడు నాలుగు తరాల తర్వాత మెదడులో వ్యక్తీకరణ కొలిచారు. 2015లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధనలో 135 ట్రాన్స్‌క్రిప్ట్‌లు (జన్యువుల ఆర్‌ఎన్‌ఏ ప్రతులు) వేర్వేరు వాగుల్లో ఒకే దిశలో మారినట్టు తేలింది. వాటిలో 89 శాతం, పూర్వీకుల ప్లాస్టిక్ స్పందన ఏ దిశలో ఉందో దానికి వ్యతిరేక దిశలో పరిణామం చెందాయి. అంటే కొత్తచోట శరీరం మొదట తప్పు దారిలో స్పందిస్తే, ఎంపిక దాన్ని వెనక్కి లాగిందన్నమాట. ఆలోచన బాగుంది, కొంతవరకు నిజమే కావచ్చు. కానీ ఆ లెక్కలో ఒక ఉచ్చు ఉంది. 2018లో అదే పత్రికలో దీనిపై ఆక్షేపణలు వచ్చాయి.

ఉచ్చు ఏమిటో అంకెలతో చూడండి. పూర్వీకుల చేపలో ఒక జన్యువు పాతచోట 100, కొత్తచోట నిజానికి 100 అనుకుందాం. వారసుల్లోనూ 100. అంటే ఏమీ మారలేదు. కానీ కొలతలో పొరపాటు వల్ల పూర్వీకులు కొత్తచోట 120గా కనిపించారు. ఇప్పుడు ప్లాస్టిసిటీ లెక్క ప్లస్ 20, పరిణామం లెక్క మైనస్ 20. అసలు ఏ మార్పూ లేనిచోట "వ్యతిరేక దిశలో పరిణామం" పుట్టుకొచ్చింది. ఒకే కొలత రెండు తీసివేతల్లోనూ ఎదురెదురు గుర్తులతో రావడమే దీనికి కారణం. మందు తేలిక: కొత్తచోట పెంచిన పూర్వీకుల నమూనాలను రెండు భాగాలు చేసి, ఒక భాగంతో ప్లాస్టిసిటీ, ఇంకో భాగంతో పరిణామం లెక్కగట్టండి. అందుకే ఆ ఒక్క వర్గంలో నమూనాలు మిగతావాటికి రెట్టింపు ఉండేలా మొదట్లోనే చూసుకోవాలి. తర్వాత గుర్తొస్తే చేసేదేమీ ఉండదు.

ఇప్పుడు కణజాలం. మొప్ప తీసేటప్పుడు రక్తం సంగతి మరవొద్దు. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, చేపల ఎర్ర రక్తకణాల్లో ఉంటుంది. అవి ఆర్‌ఎన్‌ఏ తయారుచేస్తూనే ఉంటాయి. మొప్ప నిండా రక్తమే. కడగకుండా తీస్తే రీడ్లలో (సీక్వెన్సింగ్‌లో చదివిన చిన్న ముక్కల్లో) పెద్ద వాటా హీమోగ్లోబిన్ జన్యువులకే పోతుంది. ఒక్కో చేపలో ఆ వాటా ఒక్కోలా ఉంటే మిగతా జన్యువులన్నీ తగ్గినట్టో పెరిగినట్టో కనిపిస్తాయి. చల్లని ఫాస్ఫేట్ బఫర్ సెలైన్‌లో రెండు మూడుసార్లు కడిగి, ముక్క మందం అర సెంటీమీటరు మించకుండా కోసి, దానికి ఐదు నుంచి పది రెట్ల ఆర్‌ఎన్‌ఏలేటర్‌లో (ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ద్రవంలో) వేయండి. ఒక రాత్రి 4 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత మైనస్ 80కి మార్చండి. తీసిన వెంటనే ఫ్రీజర్‌లో పెడితే ద్రవం లోపలికి ఇంకేలోపే కణజాలం గడ్డకడుతుంది. ఆర్‌ఎన్‌ఏ సమగ్రతా సంఖ్య (ఆర్‌ఎన్‌ఏ ఎంత చెక్కుచెదరకుండా ఉందో 10కి ఇచ్చే అంకె) 8 పైన ఉంటే హాయి, 7 దాకా ఫర్వాలేదు. ఒక జనాభాకు 9, ఇంకో జనాభాకు 7 వస్తే మాత్రం ప్రమాదం. ఆర్‌ఎన్‌ఏ చివర ఉండే పాలీ ఏ తోక పట్టి లైబ్రరీ (సీక్వెన్సింగ్‌కు పంపే నమూనా) చేస్తే చివికిన ఆర్‌ఎన్‌ఏలో జన్యువు చివరి భాగమే దొరుకుతుంది. ఆ తేడా జనాభాల తేడాగా కనిపించి మోసం చేస్తుంది.

అన్ని చేపల్నీ ఒకే వేళలో కోయాలి, రెండు జనాభాలనూ మార్చి మార్చి కోయాలి. ఉదయం అంతా సముద్రపు చేపలు, మధ్యాహ్నం అంతా సరస్సు చేపలు అయితే మీరు కొలిచింది గడియారాన్ని. ఆర్‌ఎన్‌ఏ తీసే రోజు, కిట్ డబ్బా, సీక్వెన్సింగ్ లేన్ (యంత్రంలో నమూనాలు నడిచే వరుస), వీటన్నిటికీ ఇదే నియమం. లేన్ తేడా జనాభా తేడాతో పూర్తిగా కలిసిపోతే ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ విడదీయలేదు. పిల్ల చేపల్లో ఆడా మగా పైకి తెలియదు కాబట్టి తోక రెక్క ముక్కతో ఆ తేడా చూపే ఐడీహెచ్ అనే డీఎన్‌ఏ గుర్తుకు పీసీఆర్ పరీక్ష చేసి నిర్ధారించుకోండి. బయట పట్టిన మంచినీటి చేపల్లో షిస్టోసెఫాలస్ అనే బద్దెపురుగు ఉండొచ్చు. అది ఉన్న చేపలో రోగనిరోధక జన్యువులు వేరే తీరులో ఉంటాయి. మీ 1,800లో రోగనిరోధక జన్యువులు ఎక్కువగా ఉంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మూడేసి నమూనాలు చాలా అన్న ప్రశ్నకు అంకెల్లోనే సమాధానం ఉంది. 2016లో ఈస్ట్ మీద 40కి పైగా ప్రతికృతులతో (ఒకే పరిస్థితిలో తీసిన విడి నమూనాలతో) చేసిన పరీక్షలో, మూడు ప్రతికృతులే తీసుకుంటే చాలా సాఫ్ట్‌వేర్లు అసలు తేడా ఉన్న జన్యువుల్లో 20 నుంచి 40 శాతమే పట్టుకున్నాయి. నాలుగు రెట్లు దాటిన తేడాలు మాత్రం ఎక్కువ భాగం దొరికాయి. కనీసం ఆరు, చిన్న తేడాలు కూడా కావాలంటే పన్నెండు వాడమని వాళ్ల సలహా. అదీ ఒకే జన్యు నేపథ్యం ఉన్న ఈస్ట్‌కు. ఒక్కో చేపా ఒక్కో జన్యురూపంగా ఉండే అడవి జనాభాలో ఎనిమిదికి తగ్గొద్దు. డబ్బు పరిమితమైతే ఒక్కో నమూనాకు 2 నుంచి 2.5 కోట్ల రీడ్లతో ఆపి, మిగిలిన సొమ్ముతో నమూనాలు పెంచండి. ఎనిమిది చేపల ఆర్‌ఎన్‌ఏను ఒక గొట్టంలో కలిపి పంపించడం పొదుపు కాదు. చేపకూ చేపకూ మధ్య తేడా ఎంతో తెలుసుకునే దారి అక్కడితో మూసుకుపోతుంది.

రీడ్లను జీనోమ్‌పై అమర్చేటప్పుడు స్టికిల్‌బ్యాక్‌కు ప్రత్యేకమైన ఒక చిక్కుంది. ఈ జాతి ప్రామాణిక జీనోమ్ అలాస్కాలోని బేర్‌పా అనే మంచినీటి సరస్సు చేప నుంచి వచ్చింది. అంటే మీ సరస్సు చేపల రీడ్లు దానికి కాస్త బాగా అతుకుతాయి, సముద్రపు చేపలవి కాస్త తక్కువగా. జన్యుపరంగా బాగా వేరైన ప్రాంతాల్లో, అంటే మీకు అన్నిటికన్నా ముఖ్యమైన చోట్లే, ఈ పక్షపాతం ఎక్కువ. అక్కడ "సముద్రపు చేపలో వ్యక్తీకరణ తక్కువ" అని కనిపిస్తే నమ్మే ముందు, రెండు జనాభాల మధ్య తేడా ఉన్న డీఎన్‌ఏ అక్షరాల స్థానాలను మరుగుపరిచిన జీనోమ్‌తో మళ్లీ అమర్చి చూడండి. అక్షరాన్ని తారుమారు చేసి తిరిగి అమర్చే వాస్ప్ పద్ధతి కూడా ఇదే పని ఇంకా శుభ్రంగా చేస్తుంది.

కణాల నిష్పత్తి సమస్య మొప్పలో చాలా పెద్దది. లవణాలను లోపలికి, బయటికి పంపే అయనోసైట్ కణాల సంఖ్య నీటిని బట్టి మారుతుంది. సోడియం పొటాషియం పంపు జన్యువులు ఆ కణాల్లో విపరీతంగా పనిచేస్తాయి. అలాంటి కణాలు రెట్టింపైతే ఏ కణంలోనూ వ్యక్తీకరణ మారకపోయినా ముక్క మొత్తంలో ఆ జన్యువు రెట్టింపైనట్టు కనిపిస్తుంది. అది తప్పుడు ఫలితం కాదు, కణాల సంఖ్య పెరగడమే అనుకూలన కావచ్చు. కానీ "ఈ జన్యువు నియంత్రణ పరిణామం చెందింది" అనడానికి ఆధారం మాత్రం కాదు. పక్క మొప్ప తోరణాన్ని ఫార్మలిన్‌లో వేసి కణాలు లెక్కపెట్టండి. దానికి అయ్యే ఖర్చు సీక్వెన్సింగ్‌తో పోలిస్తే చాలా తక్కువ.

ఈ చిక్కుల్లో చాలావాటిని ఒక్క దెబ్బతో తీసేసే ప్రయోగం సంకరం. నాకు ఎంచుకునే అవకాశం ఒక్కటే ఇస్తే దీన్నే ఎంచుకుంటాను. సముద్రపు చేపకూ సరస్సు చేపకూ పుట్టిన మొదటి తరం సంకర పిల్లలో రెండు అల్లీళ్లూ ఒకే కణంలో, అవే హార్మోన్లతో, అదే నీటిలో, అవే ప్రోటీన్ల మధ్య ఉంటాయి. అక్కడ కూడా ఒక అల్లీల్ ఎక్కువ ఆర్‌ఎన్‌ఏ ఇస్తుంటే కారణం ఆ అల్లీల్ పక్కనే, దాని సొంత డీఎన్‌ఏలోనే ఉంది. దీన్ని సిస్ మార్పు అంటాం. తల్లిదండ్రుల మధ్య ఉన్న తేడా సంకరంలో మాయమైతే కారణం వేరేచోట నుంచి పనిచేసే ఏదో కారకం, అది ట్రాన్స్ మార్పు. లెక్క సులువు. తల్లిదండ్రుల్లో వ్యక్తీకరణ 4కి 1 అనుకోండి. సంకరంలో రెండు అల్లీళ్ల రీడ్లూ 4కి 1గా వస్తే మొత్తం సిస్. 1కి 1గా వస్తే మొత్తం ట్రాన్స్. 2కి 1గా వస్తే లాగ్ కొలతలో సగం సగం.

పద్ధతి ఇలా. తల్లిదండ్రులిద్దరి జీనోమ్‌లనూ 15 నుంచి 20 రెట్ల లోతులో సీక్వెన్స్ చేసి, ఇద్దరిలోనూ సమయుగ్మజంగా (రెండు ప్రతులూ ఒకేలా) ఉండి ఒకరికొకరు తేడాగా ఉన్న అక్షరాల్ని పట్టుకోండి. సంకర పిల్లల నమూనాలకు రీడ్లు రెట్టింపు, అంటే ఐదు కోట్ల దాకా కావాలి. ఎందుకంటే తేడా అక్షరం మీద పడిన రీడ్లే పనికొస్తాయి. ఒక జన్యువుకు అలాంటి రీడ్లు 20 మాత్రమే ఉంటే, నిజంగా సమానంగా ఉన్న అల్లీళ్లు కూడా 28 నుంచి 72 శాతం మధ్య ఎక్కడైనా కనిపించొచ్చు. 2కి 1 తేడా అందులోనే కలిసిపోతుంది. 100 రీడ్లుంటే ఆ హద్దు 40 నుంచి 60కి వస్తుంది. మామూలు బైనామియల్ పరీక్ష వాడితే వందల కొద్దీ అబద్ధపు ఫలితాలు వస్తాయి, నమూనాల మధ్య అదనపు ఎగుడుదిగుళ్లను కూడా లెక్కలోకి తీసుకునే బీటా బైనామియల్ వాడండి. సముద్రపు తల్లి, సరస్సు తండ్రితో కొన్ని, తారుమారుగా కొన్ని సంకరాలు చేయండి. సంకర పిల్లల డీఎన్‌ఏను కూడా అదే దారిలో నడిపించి చూడండి. డీఎన్‌ఏలో అల్లీళ్లు కచ్చితంగా సగం సగం ఉండాలి. అక్కడ 55, 45 వస్తే అది అమరికలో పక్షపాతమే, జీవశాస్త్రం కాదు.

ఇక్కడ కూడా గప్పీల ఉచ్చే మళ్లీ ఎదురవుతుంది. ట్రాన్స్ అంటే తల్లిదండ్రుల తేడా లోంచి సిస్‌ను తీసేయగా మిగిలింది. కాబట్టి సిస్ కొలతలో వచ్చిన పొరపాటు ట్రాన్స్‌లో ఎదురు గుర్తుతో చేరుతుంది. "సిస్, ట్రాన్స్ ఒకదాన్నొకటి సరిచేసుకుంటున్నాయి" అని చాలా పత్రాల్లో కనిపించిన ఫలితంలో కొంత భాగం ఇలా పుట్టిందే. సంకర నమూనాలు సగంతో సిస్, మిగతా సగంతో ట్రాన్స్ లెక్కగట్టండి. స్టికిల్‌బ్యాక్ మొప్పల మీద 2019లో ఇదే తరహా ప్రయోగం జరిగింది. వేర్వేరు నదుల్లో సమాంతరంగా వచ్చిన వ్యక్తీకరణ తేడాల్లో సిస్ మార్పులదే పైచేయి అని తేలింది. ఇది అంతకుముందు జీనోమ్‌లలో కనిపించినదానితో కలుస్తుంది. 2012లో 21 స్టికిల్‌బ్యాక్ జీనోమ్‌లను పోల్చినప్పుడు, సముద్రానికీ మంచినీటికీ మధ్య పదే పదే వేరైన ప్రాంతాల్లో ప్రోటీన్‌ను మార్చేవి 17 శాతం, నియంత్రణనే మార్చేవి 41 శాతం, మిగతావి చాలావరకు నియంత్రణవే కావచ్చనిపించేవి.

విచలనాన్నీ ఎంపికనూ వేరుచేయడం చివరి మెట్టు. ఇక్కడ నా సలహా చాలామంది సలహాకు భిన్నం. ఒక్కో జన్యువుకూ క్యూఎస్‌టీ (లక్షణంలో జనాభాల మధ్య ఉన్న వంశపారంపర్య తేడా వాటా) లెక్కగట్టి ఎఫ్‌ఎస్‌టీతో (డీఎన్‌ఏలో జనాభాల మధ్య ఉన్న తేడా వాటాతో) పోల్చమంటారు. ఎనిమిది కుటుంబాలతో వచ్చే క్యూఎస్‌టీ విశ్వాస అవధి దాదాపు సున్నా నుంచి ఒకటి దాకా పరుచుకుంటుంది. అలాంటి అంకెను 15,000 జన్యువులకు వేసుకుంటే వచ్చేది శబ్దమే. బయట పట్టిన చేపలతో వేసే అదే తరహా లెక్క పీఎస్‌టీ అయితే ఇంకా ఘోరం, అందులో నీటి ప్రభావమూ కలిసి ఉంటుంది. దానికన్నా సమాంతరతను నమ్ముకోండి. వేర్వేరు సరస్సుల్లో అదే జన్యువు అదే దిశలో మారిందా? విచలనానికి దిశ లేదు.

సమాంతరతను లెక్కించడంలోనూ రెండు జాగ్రత్తలున్నాయి. మొప్పలో 15,000 జన్యువులు వ్యక్తమవుతుంటే, ఒక్కో సరస్సులో 1,500 జన్యువులు మారితే, ఏ సంబంధం లేకపోయినా 150 ఉమ్మడిగా రావాలి. పైగా ఎక్కువగా వ్యక్తమయ్యే జన్యువుల్లో తేడాను పట్టుకోవడం సులువు కాబట్టి అవే అన్ని జాబితాల్లోనూ తేలతాయి, అసలు అంచనా 150 కన్నా ఎక్కువే. వ్యక్తీకరణ స్థాయిని బట్టి జన్యువుల్ని పది భాగాలు చేసి, ఏ భాగానికా భాగంలో పర్మ్యుటేషన్ (యాదృచ్ఛికంగా కలగలిపి మళ్లీ మళ్లీ లెక్కించడం) చేయాలి. రెండోది ఇంకా ముఖ్యం. రెండు సరస్సుల్నీ ఒకే సముద్రపు నమూనాలతో పోలిస్తే, ఆ సముద్రపు నమూనాల్లో ఉన్న ప్రతి పొరపాటూ రెండు పోలికల్లోనూ ఒకే దిశలో కనిపించి సమాంతర పరిణామంలా వేషం వేస్తుంది. ప్రతి సరస్సుకూ దాని పక్క తీరం నుంచి విడిగా సముద్రపు నమూనా ఉండాలి.

జన్యువుల విధుల విశ్లేషణ గురించి ఒక్క మాటే. నేపథ్యంగా జీనోమ్‌లోని 20,000 పైచిలుకు జన్యువుల్ని పెట్టకండి, మొప్పలో వ్యక్తమయ్యేవాటినే పెట్టండి. లేకపోతే "అయాన్ రవాణా" ఎప్పుడూ మొదటి వరుసలోనే వస్తుంది. మొప్ప చేసే పనే అది.

ఇంతా చేసినా మీ జాబితాకు అసలు అందనివి కొన్ని ఉంటాయి. స్టికిల్‌బ్యాక్‌లో అన్నిటికన్నా బాగా తెలిసిన ఉదాహరణే చూడండి. బ్రిటిష్ కొలంబియాలోని పాక్స్‌టన్ సరస్సులో, అలాస్కాలోని బేర్‌పాలో పొట్ట కింది ముళ్లు పోవడానికి కారణం పిట్‌ఎక్స్1 జన్యువు. దాని ప్రోటీన్‌లో ఒక్క అక్షరమూ మారలేదు. నోటి దగ్గర, ఇతర చోట్ల అది మామూలుగానే పనిచేస్తుంది. పోయింది ముళ్లు మొలిచే చోట దాన్ని నడిపే పెల్ అనే ఎన్‌హాన్సర్ (జన్యువును ఒక చోట పనిచేయించే డీఎన్‌ఏ ముక్క). వేర్వేరు సరస్సుల్లో వేర్వేరు పొడవుల డీఎన్‌ఏ తొలగింపులు అదే ముక్కను ఎగరగొట్టాయని 2010లో తేలింది. ఆ ఎన్‌హాన్సర్‌తో పాటు పిట్‌ఎక్స్1ను ముళ్లు లేని చేపలోకి పంపితే ముళ్లు మళ్లీ మొలిచాయి. జన్యువునే పాడుచేసి ఉంటే ఏమయ్యేదో ఎలుకలు చెబుతున్నాయి: పిట్‌ఎక్స్1 పూర్తిగా లేని ఎలుకల్లో వెనక కాళ్లతో పాటు దవడ కూడా దెబ్బతింటుంది, పుట్టిన వెంటనే చనిపోతాయి. అనుకూలన ఎన్‌హాన్సర్ల వైపు ఎందుకు మొగ్గుతుందో ఇక్కడ కళ్లకు కనిపిస్తుంది: ఒకచోట మాత్రం ఆర్పి, మిగతాచోట్ల దీపాలను వెలగనివ్వగలదు. అయితే ఈ తేడా లార్వా దశలో, కొద్ది కణాల్లో, కొద్ది కాలంపాటే ఉంటుంది. పెద్ద చేప మొప్పలో మీరు ఎన్ని కోట్ల రీడ్లు తీసినా అది కనిపించదు. జాబితాలో లేకపోవడం ఏ జన్యువుకూ వ్యతిరేక సాక్ష్యం కాదు.

మనుషుల్లో దీనికి సరిసమానమైన ఉదాహరణ మన ఇళ్లలోనే ఉంది. పాలలోని చక్కెరను విరిచే లాక్టేజ్ జన్యువు పాలు మాన్పించాక చాలామందిలో తగ్గిపోతుంది. పశుపాలన ఉన్న జనాభాల్లో కొందరికి అది పెద్దయ్యాక కూడా తగ్గదు. పేగు ముక్కల్లో రెండు అల్లీళ్ల ఆర్‌ఎన్‌ఏ అసమానంగా ఉందని 1995లోనే చూపించారు. అంటే పైన చెప్పిన సంకర పరీక్షను ప్రకృతి భిన్నయుగ్మజుల్లో (రెండు వేర్వేరు అల్లీళ్లున్నవాళ్లలో) చేసి పెట్టింది, సమాధానం సిస్ అని వచ్చింది. కారణమైన అక్షరం 2002లో దొరికింది. అది లాక్టేజ్ జన్యువుకు సుమారు 14,000 అక్షరాల ముందు, పక్క జన్యువైన ఎంసీఎం6 ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌కు కోడ్ ఇవ్వని భాగంలో) ఉంది: మైనస్ 13910 స్థానంలో సీ బదులు టీ. తూర్పు ఆఫ్రికా పశుపాలకుల్లో అదే ఎన్‌హాన్సర్‌లో వేరే అక్షరాలు మారి అదే ఫలితం ఇచ్చాయని 2007లో తేలింది. భారతదేశంలో మాత్రం ప్రధానంగా ఉన్నది ఐరోపాలో ఉన్న ఆ టీ అల్లీలేనని, రెండింటికీ మూలం ఒకటేనని 2012లో బయటపడింది. వాయవ్యంలో ఎక్కువ, దక్షిణానికి, తూర్పుకు వచ్చేకొద్దీ తక్కువ. నీలగిరుల్లో గేదెల్ని సాకే తోడాలు దక్షిణాదిలో దీనికి మినహాయింపు. సమాంతర పరిణామం ఎక్కడ, ఒకే మూలం నుంచి వ్యాప్తి ఎక్కడ అన్నది వ్యక్తీకరణ కొలిస్తే తెలియదు, చుట్టూ ఉన్న హాప్లోటైప్ (కలిసి వంశపారంపర్యంగా వచ్చే అక్షరాల వరుస) చూస్తేనే తెలుస్తుంది. మీ సరస్సులకూ ఇదే వర్తిస్తుంది. పలకలను తగ్గించే ఈడీఏ అల్లీల్ చాలా సరస్సుల్లో ఒకే పాత మూలం నుంచి వచ్చింది, పిట్‌ఎక్స్1 తొలగింపులు ఎక్కడికక్కడ కొత్తగా పుట్టాయి.

ప్రస్తుతం మీ చేతిలో ఉన్న ఆరు నమూనాల్ని పారేయకండి. ఈ వారంలో చేయగలిగేవి నాలుగున్నాయి: ఆరింటిలో హీమోగ్లోబిన్ రీడ్ల వాటా ఎంతో చూడండి, ఆడా మగా సరిచూడండి, ఏ జీనోమ్‌కూ అతకని రీడ్లను బద్దెపురుగు సీక్వెన్సులతో పోల్చండి, 1,800లో ఎన్ని 2012లో బయటపడిన వేరైన ప్రాంతాల్లో పడ్డాయో, అదే స్థాయిలో వ్యక్తమయ్యే ఇతర జన్యువులతో పోల్చి లెక్కించండి. థీసిస్‌లో ఈ అధ్యాయానికి సరిపోయే వాక్యం ఇది: "సహజ ఆవాసాల్లో పట్టిన రెండు జనాభాల మొప్పల్లో 1,800 జన్యువుల ఆర్‌ఎన్‌ఏ స్థాయిల్లో తేడా ఉంది, ఇందులో పర్యావరణ, వంశపారంపర్య భాగాలను ఈ డేటా వేరుచేయదు." స్టికిల్‌బ్యాక్‌లు వసంతం నుంచి వేసవి దాకా గుడ్లు పెడతాయి. కాబట్టి వచ్చే వసంతానికి తొట్టెలు సిద్ధం చేసుకుని, స్వచ్ఛమైన కుటుంబాలతో పాటే అదే వారంలో సంకరాలు కూడా చేయండి. సంకరాలను తర్వాతి ఏడాదికి వాయిదా వేస్తే వాటి వయసు తల్లిదండ్రుల జనాభాల పిల్లలతో కలవదు, అప్పుడు సిస్, ట్రాన్స్ లెక్క మొత్తం మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వస్తుంది.